బడి ఆవరణలో వయ్యారిభామ

తొలకరి వానలు నాలుగు కురిసిన పిమ్మట మన పాఠశాలల ఆవరణలలో గోడల వెంబడి, నీళ్ల తొట్టి చుట్టును నడుమెత్తు మొక్కలు పెరిగి యుండును. ఆకులు మాచిపత్రి వలె చీలి యుండును. కొమ్మల కొనలయందు తెల్లని చిన్నపూలు గుత్తులుగా నిండి, చూచుటకు ముచ్చట గొలుపును. మనవారు దీనికి వయ్యారిభామ యని పేరు పెట్టిరి. శాస్త్రజ్ఞులు వాడు పార్థీనియమను నామమునకు మూలమైన గ్రీకు పదమునకును 'కన్య' యనియే అర్థము. ఇరువురును రూపమును చూచి మోసపోయిరి కాబోలు! కాంగ్రెసు గడ్డి యనునది దీనికే మరియొక పేరు.

అమెరికా ఖండపు ఉష్ణప్రాంతములు దీని పుట్టినిల్లు. మన దేశమున 1955 ప్రాంతమున పూనాలో దీనిని గుర్తించిరి. దిగుమతి గోధుమలతో వచ్చినదని పలువురు చెప్పుదురు. వచ్చిన త్రోవ యేదైనను, నేడు తెలుగునాట దీనిని ఎరుగని ఊరు అరుదు. మొలచిన నెల, నెలన్నరలో పూయును. బాగుగా ఎదిగిన మొక్క యొక్కటియే పదివేలకు పైగా విత్తనములను రాల్చగలదు.

శ్రమదానమను పేరున పిల్లలను వరుసగా నిలిపి, ఒట్టి చేతులతో దీనిని పీకించుట కొన్ని పాఠశాలలలో కలదు. ఉద్దేశము మంచిదే; పద్ధతి మాత్రము మంచిది కాదు. ఈ మొక్కయందు పార్థెనిన్ అను పదార్థము కలదు. అది తగిలినచో కొందరికి దురద, దద్దురు, పుండ్లు కలుగును. పుప్పొడి పీల్చినచో తుమ్ములు, ఉబ్బసము కలుగవచ్చును. ఇందలి మోసమేమనగా, తొలినాడు తాకినవానికి ఏమియు కాకపోవచ్చును. పలుమార్లు తాకగా శరీరము దానిపై పగబూనును. ఆ తత్త్వ మొకసారి ఏర్పడినచో ఏండ్ల తరబడి విడువదు. "నిరుడు పీకించితిమి, ఎవరికేమైనది?" అని అడుగు ఉపాధ్యాయులు దీనిని గమనింపవలెను. నిరుడు ఏమియు కాని పిల్లవానికే ఈ యేడు కావచ్చును.

కనుక ఇది పెద్దలు చేయవలసిన పని. వాన వెలిసిన మరునాడు, నేల మెత్తగా నున్నప్పుడు, పూత రాకముందే వేరుతో సహా లాగవలెను. కొడవలితో కోసినచో మొదలునుండి మరల చిగిర్చి పూయును. చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కునకు గుడ్డ, ఒంటికి నిండు చేతుల చొక్కా ఉండవలెను. ఉబ్బసము, చర్మవ్యాధి గలవారు దరిజేరరాదు. పని ముగిసిన వెంటనే సబ్బుతో కడుగుకొని, ఆ బట్టలను వేరుగా ఉతుకవలెను. పూత రాని మొక్కలను గుంటలో వేసి మట్టి కప్పినచో మంచి ఎరువగును. పూచినవానిని ఎరువుగుంటలో వేయుట, విత్తనములను మనమే తోటకు మోసికొనిపోవుట యగును; వానిని దులుపక సంచిలో కుక్కి, లోతుగా పూడ్చవలెను. ఉప్పునీరు చల్లుట కొందరి ఉపాయము. మొక్క మాడును గాని నేలయు చెడును. చెట్లు పెంచదలచిన చోట అది తగదు.

పిల్లలకును పని కలదు. మొక్కలు ఎచ్చట మొలచుచున్నవో పూతకు ముందే కనిపెట్టి చెప్పవచ్చును. పెద్దలు శుభ్రపరచిన నేలలో బంతి, తగిరిస విత్తనములు చల్లవచ్చును. అవి దట్టముగా పెరిగినచోట వయ్యారిభామకు చోటు చిక్కదు. ఆకులపై మీగడరంగు రెక్కలమీద ముదురు చారలుగల చిన్న పెంకుపురుగు కనబడినచో దానిని చంపరాదు. ఈ కలుపును తినుటకై మెక్సికో నుండి తెప్పించి, 1984లో బెంగుళూరులో విడిచిన జాతి అది. వేసవిలో నేలలో దాగి, వానలతో పైకి వచ్చి, ఆకులను జల్లెడవలె కొరికివేయును.