కారు విలువ 6 లక్షలు, లారీ కంపెనీ పూచీ లక్షే!

హైదరాబాద్ నుంచి గురుగ్రామ్‌కు బదిలీ అయితే ఇంటి సామాను కన్నా కారుదే పెద్ద బెంగ. రోడ్డు మీద 1,500 కిలోమీటర్ల పైమాటే. పిల్లలతో, పెద్దవాళ్లతో అంత దూరం తోలుకెళ్లలేక చాలామంది ప్యాకర్స్ అండ్ మూవర్స్‌ను ఆశ్రయిస్తారు. ఆన్‌లైన్‌లో ఒక్కసారి ఫోన్ నంబరు ఇస్తే చాలు, వరసగా కాల్స్ మొదలవుతాయి. ఒకరు 18 వేలంటారు, ఇంకొకరు 14 వేలంటారు, మరొకరు 10 వేలకే చేసిపెడతామంటారు. మన బేరమంతా ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది. కారు క్షేమంగా చేరుతుందా, చేరకపోతే మనకేం మిగులుతుంది అన్నది తేల్చే అంకెలు మాత్రం వేరే ఉన్నాయి. అడ్వాన్సు పంపకముందే వాటిని తెలుసుకోవాలి.

10 రెట్లు: చౌక కిరాయికి చౌక పూచీ

రోడ్డు మీద సరకు మోసే కంపెనీలకు 2007 నాటి రోడ్డు రవాణా చట్టం వర్తిస్తుంది. దాని నిబంధనలు 2011లో వచ్చాయి. వాటి ప్రకారం సరకు పోయినా, పాడైనా కంపెనీ బాధ్యతకు ఒక హద్దు ఉంది. మామూలుగా అది మీరిచ్చే కిరాయికి 10 రెట్లు మాత్రమే. అదీ మీరు కాగితంలో రాసిన విలువను మించకూడదు.

లెక్క వేసి చూడండి. 6 లక్షల కారును 18 వేల కిరాయికి పంపితే పూచీ 1,80,000. అదే కారును 10 వేలకే పంపితే 1,00,000. బేరమాడి 8 వేలు మిగుల్చుకున్నామని సంబరపడతాం. అదే బేరంలో 80 వేల పూచీ వదులుకున్నామని గమనించం. ట్రైలర్ బోల్తా పడి కారు తుక్కయితే 5 లక్షల నష్టం మన నెత్తినే పడుతుంది.

దీనికి చట్టమే ఒక దారి చూపించింది. ఎక్కువ రిస్కుకు ఎక్కువ రేటు కట్టడానికి ఒప్పుకుంటే కంపెనీ బాధ్యత కూడా పెరుగుతుంది. అందుకే బుకింగ్ కాగితంలో కారు విలువ పూర్తిగా రాయించాలి, ఆ విలువకు పూచీ ఉండేలా ఎంత రేటవుతుందో అడిగి, అదీ కాగితం మీద పెట్టించాలి. విలువ గడి ఖాళీగా వదిలేసి సంతకం పెట్టకండి. లారీ రసీదు అసలు ప్రతి పంపినవారి చేతికి రావాలి. వాట్సాప్‌లో పంపే కొటేషన్ రసీదు కాదు.

చేర్చే తేదీ కూడా అంతే ముఖ్యం. ఆలస్యానికి బాధ్యత ఎంతవరకన్నది కాగితంలో రాసుకున్న గడువును బట్టే ఉంటుంది. ‘వారం పది రోజుల్లో వచ్చేస్తుంది సార్’ అన్న నోటి మాట పట్టుకుని తర్వాత ఎవరినీ నిలదీయలేం.

15 అక్షరాలు: కంపెనీ గుట్టు అక్కడే

పేరున్న సంస్థను పోలిన పేరు పెట్టుకుని, అలాంటి లోగోనే వేసుకుని తిరిగేవాళ్లు ఈ రంగంలో తక్కువేం కాదు. కొటేషన్ మీద జీఎస్టీ నంబరు ఉంటే దాన్ని చదవడం నేర్చుకోండి. అందులో 15 అంకెలు, అక్షరాలు ఉంటాయి. మొదటి 2 అంకెలు రాష్ట్రం కోడ్: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. ఆ తర్వాతి 10 పాన్ నంబరు. మొత్తం నంబరులో 6వ అక్షరం చూడండి. అక్కడ ‘సీ’ ఉంటే కంపెనీ, ‘ఎఫ్’ ఉంటే భాగస్వామ్య సంస్థ, ‘పీ’ ఉంటే ఒక వ్యక్తి. పైన ప్రైవేట్ లిమిటెడ్ అని రాసుకుని 6వ చోట ‘పీ’ కనిపించిందంటే అబద్ధం అక్కడే దొరికిపోయినట్టు. ఆ నంబరును జీఎస్టీ వెబ్‌సైట్‌లో కొడితే ఎవరి పేరు మీద ఉందో, ఇంకా చెల్లుతోందో రద్దయిందో ఉచితంగా తెలుస్తుంది.

ఇక ‘మేం బ్రోకర్లమే, ట్రైలర్ మాది కాదు’ అన్న మాట. బుకింగ్ కంపెనీలు, ఏజెంట్లు, బ్రోకర్లు కూడా 2007 చట్టం పరిధిలోకే వస్తారు. వాళ్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, అది 10 ఏళ్లు చెల్లుతుంది. ఆ నంబరు అడగండి. డబ్బు కూడా రసీదు మీదున్న సంస్థ ఖాతాకే పంపండి. ఎవరిదో సొంత యూపీఐ నంబరుకు వేయమంటే అక్కడితో ఆపేయడం మంచిది.

50 శాతం: బీమా భ్రమలు

‘ట్రాన్సిట్ ఇన్సూరెన్స్’ పేరుతో కారు విలువలో ఇంత శాతమని అదనంగా వసూలు చేస్తారు. బీమా పాలసీ ఇవ్వాల్సింది బీమా కంపెనీయే తప్ప లారీ కంపెనీ కాదు. డబ్బు కట్టినప్పుడు బీమా సంస్థ పేరు, పాలసీ నంబరు, మీ కారు నంబరు ఉన్న కాగితం చేతికి రావాలి. రాకపోతే మీరు కట్టింది బీమాకు కాదనే అనుకోండి.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. కారుకు మనం తీసుకునే మామూలు ప్యాకేజీ పాలసీలో సొంత నష్టం విభాగం రోడ్డు, రైలు, లోతట్టు జలమార్గం, విమానాల్లో తరలించేటప్పుడు జరిగే నష్టానికీ వర్తిస్తుంది. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మాత్రం ఇది దక్కదు. కారు పంపేముందు మీ పాలసీలో ఆ వాక్యం ఉందో లేదో చూసుకోండి.

అయితే చిన్న దెబ్బలకు ఈ పాలసీతో ఒరిగేది తక్కువ. ట్రైలర్ ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు దెబ్బ తగిలేది ఎక్కువగా బంపర్ కింది అంచుకే. ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగు కోస్తారు. కొత్త బంపర్ 12 వేలనుకుంటే 6 వేలు పోతాయి. 1,500 సీసీ లోపు కారుకు మరో 1,000 మనం భరించాలి. చేతికొచ్చేది 5 వేలు. మీకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉండి, సొంత నష్టం ప్రీమియం 8 వేలనుకుంటే, ఇప్పటిదాకా 4 వేలే కడుతున్నారు. ఒక్క క్లెయిమ్‌తో వచ్చే ఏడు 8 వేలూ కట్టాలి. మిగిలేది 1,000 రూపాయలు. జీరో డిప్రిసియేషన్ తీసుకుంటే తరుగు బాధ తప్పుతుంది గానీ బోనస్ బాధ తప్పదు. కాబట్టి సొంత పాలసీని పెద్ద ప్రమాదానికి అండగా ఉంచుకోండి. చిన్న దెబ్బల ఖర్చు లారీ కంపెనీతోనే కట్టించాలి. అందుకు సాక్ష్యం కావాలి.

ఓడోమీటర్, ఫాస్టాగ్: మాట్లాడే సాక్షులు

కారు అప్పగించే రోజు కడిగించి, పగటి వెలుగులో ఫొటోలు తీయండి. నాలుగు వైపులా తీస్తే సరిపోదు. బంపర్ల కింది అంచులు, నాలుగు చక్రాల రిమ్ములు, అద్దాలు, డిక్కీలో స్టెప్నీ, జాకీ, పనిముట్లు అన్నీ తీయాలి. ఓడోమీటర్ రీడింగు, పెట్రోలు ముల్లు ఒకే ఫొటోలో పడాలి. ఆ రీడింగును రసీదు మీద కూడా రాయించండి. ట్రైలర్ మీద వెళ్లాల్సిన కారును డ్రైవరు తోలుకెళ్లాడన్న ఫిర్యాదులకు తిరుగులేని రుజువు ఆ అంకే. ఎక్కించడానికి, దించడానికి, గోడౌన్‌కు చేర్చడానికి కొన్ని కిలోమీటర్లు పెరగడం మామూలే. వందల్లో పెరిగితే జవాబు చెప్పాల్సింది కంపెనీ. ఆ రోజుల్లో ఫాస్టాగ్ మెసేజ్‌లు, పోలీసు చలానాలు కూడా గమనిస్తూ ఉండండి. ఆర్‌సీ అసలు కాపీ ఇవ్వకండి, జిరాక్స్ చాలు. కారులో విలువైన వస్తువులేవీ ఉంచకండి.

కారు దించేటప్పుడు డ్రైవరు తొందరపెడతాడు. ‘మంచి కండిషన్‌లో అందింది’ అన్న వాక్యం కింద సంతకం పెట్టేముందు టార్చి లైటు వేసి అయినా చూడండి. గీత కనిపిస్తే డెలివరీ కాగితం మీదే రాసి, ఆ తర్వాతే సంతకం చేయండి.

7 ఏళ్లు, 180 రోజులు, 2 ఏళ్లు

కారు ట్రైలర్ ఎక్కాక కొందరు స్వరం మారుస్తారు. టోల్ పెరిగిందని, బోర్డర్ ట్యాక్స్ అని, ‘తర్వాత తిరిగొచ్చే’ జీఎస్టీ డిపాజిట్ అని మరో 10 వేలు అడుగుతారు. ఇవ్వకపోతే కారు కదలదంటారు. వాడుతున్న సొంత వస్తువుల తరలింపునకు జీఎస్టీ నిబంధనల్లో ఈ-వే బిల్లు నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి ఆ పేరుతో డిపాజిట్ అంటే నమ్మకండి. నమ్మి అప్పగించిన సొత్తును రవాణాదారు కాజేస్తే భారతీయ న్యాయ సంహితలోని 316వ సెక్షన్ కింద 7 ఏళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఆ మాట చెప్పి పోలీసు స్టేషన్‌కు వెళ్లండి. ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుని మాయమైతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

నష్టపరిహారం కోసం కోర్టుకెళ్లాలంటే బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోగా కంపెనీకి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇది మరిచిపోతే కేసే నిలవదు. రేపు మాపు అని కంపెనీ తిప్పుతుంటే ఈ గడువే కరిగిపోతుంటుంది. కంపెనీ నిర్లక్ష్యాన్ని నిరూపించే భారం మాత్రం మీ మీద లేదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి 2 ఏళ్ల గడువుంది. సేవకు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రసీదు వెనుక ‘వివాదాలన్నీ ఢిల్లీ కోర్టుల్లోనే’ అని అచ్చు వేసినా, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న ఊళ్లోనే ఫిర్యాదు చేయవచ్చు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పినా మేలే.

అసలు పంపాలా?

హైదరాబాద్ నుంచి బెంగళూరుకు దాదాపు 570 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు 38 లీటర్లు చాలు. లీటరు 105 రూపాయలనుకుంటే సుమారు 4 వేలు, టోల్ అదనం. పొద్దున్నే బయల్దేరితే రాత్రికి చేరతారు. ఇంత దూరానికి కారును పరాయివాళ్ల చేతికి ఇవ్వాల్సిన పని లేదు.

ఢిల్లీ, కోల్‌కతా లాంటి దూరాలకు పంపక తప్పకపోతే 2 వేలు ఎక్కువైనా విలువ రాసిచ్చే కంపెనీనే ఎంచుకోండి. ఏడాది లోపు తిరిగొచ్చేస్తామనుకుంటే కొత్త రాష్ట్రంలో నంబరు మార్పించే తొందర కూడా లేదు. 12 నెలలు దాటితేనే మోటారు వాహనాల చట్టం ఆ పని చేయమంటుంది. బేరం ఆడాల్సింది కిరాయి మీద కాదు, పూచీ మీద. పూర్తి విలువ, చేర్చే తేదీ, ఓడోమీటర్ రీడింగు, ఈ మూడూ రసీదు మీద పడేదాకా కారు తాళం ఎవరి చేతికీ ఇవ్వకండి.