ప్రేగు దారి మూసికొనినపుడు: శస్త్రచికిత్సకు ముందు, తరువాత

కడుపునొప్పి ఎరుగని ఇల్లు ఉండదు. వాము నమలుట, వేడినీరు త్రాగుట, ఒకపూట పస్తుండుట, ఇంతటితోనే చాల నొప్పులు శాంతించును. అందువలన శాంతింపని నొప్పిని గూడ మనము అదే విధముగ చూచి, "రేపటికి తగ్గును" అని ఊరకుందుము. కాని కడుపునొప్పులలో ఒకదానిని దినములతో గాక గంటలతో లెక్కింపవలెను. అది ప్రేగు దారి మూసికొనుటవలన కలుగు నొప్పి. దీనికి పెక్కు సందర్భములలో శస్త్రచికిత్సయే శరణ్యము. శబరీ తీరమున, కనుమల నడుమ నున్న చింతూరు ప్రాంతములో రోగి బ్రతుకు శస్త్రవైద్యుని నేర్పుపై ఎంత ఆధారపడునో, జబ్బును ఊరివారు ఏ గడియలో గుర్తించిరను దానిపైనను అంతే ఆధారపడును. కావున ఈ చికిత్సను గూర్చి మొదటినుండి తుదివరకు పంచాయతీ సభ్యులకు తెలియజేయుట అవసరమని మేము తలంచితిమి.

ప్రేగు చేయు పని

మనము తిన్న అన్నము జీర్ణకోశము నుండి చిన్నప్రేగులోనికి దిగును. ఈ చిన్నప్రేగు పొడవు ఇంచుమించు 6 మీటర్లు. దాని తరువాతిదగు పెద్దప్రేగు సుమారు ఒకటిన్నర మీటరు. ఆహారములోని సారమంతయు చిన్నప్రేగులో రక్తమునకు చేరును. నీరు పెద్దప్రేగులో ఇంకును. ప్రేగు గోడలు అలవలె ముడుచుకొనుచు, విచ్చుకొనుచు ఆహారమును ముందునకు నెట్టుచుండును.

ఈ దారి పలు కారణములచే మూసికొనవచ్చును. పూర్వము జరిగిన శస్త్రచికిత్సవలన ప్రేగులు ఒకదానికొకటి అతుకుకొని మెలిక పడవచ్చును. గజ్జలలోనో బొడ్డువద్దనో ఉబ్బిన హెర్నియాలో ప్రేగు చిక్కుకొని బిగిసిపోవచ్చును. క్షయ ఊపిరితిత్తులకే గాక ప్రేగునకు గూడ సోకి దారిని ఇరుకు చేయును. కంతులు పెరిగి అడ్డుపడును. పసిపిల్లలలో ఏలికపాములు ఉండగా చుట్టుకొని దారిని మూయుటయు కలదు.

గుర్తింపవలసిన లక్షణములు

నాలుగు లక్షణములను ప్రతి సభ్యుడును జ్ఞాపకముంచుకొనవలెను. నొప్పి అలలవలె వచ్చి పోవుచుండుట, కడుపు ఉబ్బుట, పసరు వాంతులు మరల మరల అగుట, మలముగాని వాయువుగాని వెడలకుండుట. ఇవి కలసి కనబడినపుడు తెల్లవారువరకు ఆగరాదు. అలలుగా వచ్చు నొప్పి ఎడతెగని నొప్పిగా మారి, కడుపు బల్లవలె బిగిసి, జ్వరము వచ్చి, నాడి వేగముగ కొట్టుకొనిన యెడల ప్రేగునకు రక్తము అందుట లేదని అనుమానింపవలెను. రక్తమందని ప్రేగు కొద్ది గంటలలోనే కుళ్ళును. అది చిల్లిపడినచో విషము కడుపంతయు వ్యాపించును.

ఇట్టి సమయమున చేయరాని పనులు కొన్ని కలవు. ఆముదము మొదలగు విరేచనపు మందులు ఈయరాదు. మూసియున్న దారిపై ప్రేగును మరింత బలముగ నెట్టించుట అపాయకరము. అన్నము, జావ, పాలు ఏవియు పెట్టరాదు. కడుపును గట్టిగ మర్దించరాదు. వాతలు పెట్టుటవలన ప్రేగు దారి తెరచుకొనదు; విలువైన కాలము మాత్రము గడచిపోవును. ఊరిలో వైద్యము చేయు పెద్దలయందు ప్రజలకు గౌరవము కలదు. ఆ పెద్దలకే ఈ నాలుగు లక్షణములను తెలిపి, "ఇది ఆసుపత్రికి పోవలసిన జబ్బు" అని వారిచేతనే చెప్పించుట మంచి ఉపాయము.

దారి, దూరము, వాన

చింతూరు 2014లో ఖమ్మం జిల్లానుండి ఆంధ్రప్రదేశ్‌లో చేరినది. ఇచ్చటినుండి ఒక దారి భద్రాచలమునకు, మరియొక దారి మారేడుమిల్లి ఘాటు మీదుగ రంపచోడవరము, రాజమహేంద్రవరములకు పోవును. రోగిని ముందుగ చింతూరు ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చవలెను. ముక్కులోనుండి జీర్ణకోశమునకు గొట్టము వేయుట, సెలైను ఎక్కించుట అచ్చటనే జరిగినచో, రోగి తరువాతి ప్రయాణమునకు తాళగలుగును. ఈ రెండును లేకుండ ఘాటురోడ్డుపై పంపిన రోగి వాంతులతో నీరు కోల్పోయి దారిలోనే నీరసించును.

వానకాలములో ఇంకొక చిక్కు కలదు. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి నీటిమట్టము 71.3 అడుగులకు చేరినపుడు, శబరి ఎదురుతన్ని చింతూరు, కూనవరము, వరరామచంద్రాపురము మండలములలో దారులు మునిగిపోయినవి. నది పొంగు సూచన ఉన్న దినములలో అనుమానమున్న రోగిని ఒకపూట ముందే తరలించుట వివేకము. అవసరము లేకపోయినచో తిరిగి రావచ్చును. దారి మునిగిన పిదప పోదలచినను పోలేము.

ఆసుపత్రిలో సన్నాహము

ఆసుపత్రి చేరగానే శస్త్రచికిత్స జరుగునని భయపడనక్కర లేదు. అతుకులవలన కలిగిన అడ్డంకులు కొన్ని, ముక్కు గొట్టముతో జీర్ణకోశమును ఖాళీచేసి, సెలైను ఎక్కించి, విశ్రాంతి నిచ్చినంతనే విడిపోవును. వైద్యులు ఎక్స్-రే, స్కానింగు తీయించి, రక్తపరీక్షలు చేయించి, రోగిని గంటగంటకు కనిపెట్టుచుందురు. మూత్రమును కొలుచుటకు మరియొక గొట్టము అమర్తురు. రక్తపు గ్రూపును నిర్ణయించి రక్తమును సిద్ధపరతురు.

కొండ ప్రాంతములవారు వైద్యునకు మరువక చెప్పవలసిన విషయ మొకటి కలదు. గిరిజన కుటుంబములలో కొందరికి వంశపారంపర్యముగ సికిల్ సెల్ రక్తహీనత ఉండును. ఈ వ్యాధిచే వచ్చు కడుపునొప్పి ఒక్కొక్కప్పుడు ప్రేగు అడ్డంకివలెనే తోచును. అదియును గాక, ఈ వ్యాధి కలవారికి మత్తు ఇచ్చునపుడు చలి, దాహము, ప్రాణవాయువు కొరత కలుగకుండ ప్రత్యేక జాగ్రత్త వహింపవలసి యుండును. దీనిని గుర్తించుటకై 2023 జూలై 1న జాతీయ కార్యక్రమము ప్రారంభమైనది. పరీక్ష జరిగి కార్డు పొందినవారు దానిని వెంట తీసికొని పోవలెను.

ముందుగ దినము నిర్ణయించి చేయు శస్త్రచికిత్సయైనచో రక్తహీనతను సరిచేసికొనుటకు, బలము పుంజుకొనుటకు వ్యవధి దొరకును. చుట్ట, బీడీ మానవలెను. మత్తు ఇచ్చుటకు ముందు సాధారణముగ 6 గంటలు అన్నము, 2 గంటలు మంచినీరు మానవలసి యుండును. వైద్యుడు చెప్పిన గడువునే పాటింపవలెను. ఆకలిగొన్నాడను జాలితో బంధువులు చాటుగ తినిపించిన ముద్ద మత్తులో వాంతియై ఊపిరితిత్తులలోనికి పోవచ్చును.

అంగీకార పత్రముపై వేలిముద్ర వేయుటకు ముందు బంధువులు అడుగవలసిన ప్రశ్నలు మూడు. అడ్డంకికి కారణ మేమి? ప్రేగును కోసి తీయుదురా, దారి మళ్ళింతురా? మలము వెడలుటకు పొట్టపై తాత్కాలిక ద్వారము పెట్టవలసి వచ్చునా? కోయభాష మాత్రమే ఎరిగినవారికి, తెలుగు కూడ వచ్చిన ఊరివా డొకడు ప్రక్కనుండి ఈ సమాధానములను విప్పి చెప్పవలెను.

శస్త్రచికిత్స జరుగు తీరు

రోగికి పూర్తిగ మత్తు ఇచ్చిన పిదపనే కడుపు తెరతురు. మత్తుమందు ఎంతవరకు క్షేమకరమను విషయమును తేల్చుటకు 1888లోను, 1889లోను క్లోరోఫారం కమిషన్లు పరిశోధనలు జరిపినది మన హైదరాబాదు నగరములోనే. నేడు క్లోరోఫారము వాడుకలో లేదు. అంతకంటె ఎంతో మేలైన మందులు, నాడిని, శ్వాసను క్షణక్షణము చూపు యంత్రములు వచ్చినవి.

పంటకాలువలో పూడిక పడిన దనుకొందము. తీయ వీలైనచో పూడిక తీయుదుము. కదలింపరాని బండ అడ్డుపడినచో పైభాగమునుండి పిల్లకాలువ త్రవ్వి, బండకు దిగువను మరల కాలువలో కలుపుదుము. శస్త్రవైద్యుడు చేయునదియు ఇట్టిదే. అతుకులైన కత్తిరించి విడదీయును. చెడిన భాగమును కోసి, మంచి కొనలను కలిపి కుట్టును. అడ్డంకి కోసి తీయ వీలుకానిదైనను, రోగి పెద్ద శస్త్రచికిత్సకు తాళలేనివాడైనను, ఆ భాగమును అట్లే ఉంచి, దానికి ముందున్న ప్రేగును వెనుకనున్న ప్రేగుతో ప్రక్కప్రక్కగ చేర్చి కుట్టి క్రొత్త దారి కల్పించును. దీనినే బైపాస్ అందురు. 1881లో వియన్నా నగరమున వోల్ఫ్లర్ అను వైద్యుడు కంతిచే మూసికొనిన జీర్ణకోశమును నేరుగ చిన్నప్రేగుతో కలిపి ఈ మార్గమును చూపెను.

బైపాస్ ప్రాణరక్షకమే గాని దానికి పరిమితులు కలవు. మూలవ్యాధి లోపలనే నిలిచియుండును. విడిచిపెట్టిన మడతలో మలినము నిలిచి క్రిములు పెరుగవచ్చును. అందుచే ప్రేగు క్షయలో నేటి వైద్యులు వీలైనంతవరకు ఇరుకైన చోటును వెడల్పు చేయుటకో, కోసి కలుపుటకో మొగ్గుచూపుదురు. శస్త్రచికిత్స జరిగినను క్షయ మందులు పూర్తి కాలము, సాధారణముగ 6 నెలలు, మానకుండ వాడవలెను. మందులు ఉచితము. క్షయ రోగుల పోషణకై 2018లో నెలకు 500 రూపాయలుగ ఆరంభమైన సహాయము 2024 నవంబరునుండి 1,000 రూపాయలైనది.

స్థూలకాయులు బరువు తగ్గుటకై ప్రేగును బైపాస్ చేయు పద్ధతి 1954లో అమెరికాలో ప్రకటింపబడినది. కాలేయము చెడుట మొదలగు హానులవలన ఆ పాత పద్ధతిని తరువాత విడిచిపెట్టిరి. పట్టణములలో బరువు తగ్గుటకు నేడు చేయు శస్త్రచికిత్సలు వేరు. మేము చెప్పుచున్నది వేరు.

కోలుకొను దినములు

మత్తు వదలిన పిదప నొప్పి ఉండును. దానికి మందు ఇత్తురు. మరునాటినుండియే రోగిని కూర్చుండబెట్టి, నాలుగడుగులు నడిపింతురు. ఇది కఠినత్వము కాదు. నడకవలన ఊపిరితిత్తులలో కఫము చేరదు, కాళ్ళలో రక్తము గడ్డకట్టదు, ప్రేగు త్వరగ మేల్కొనును. వాయువు వెడలుట ప్రేగు పనిచేయ నారంభించెననుటకు శుభసూచన. నీటిగుటకలు, పలుచని జావ, మెత్తని అన్నము అను క్రమమున ఆహారము పెంతురు.

మొదటి వారము మెలకువతో నుండవలెను. కలిపిన చోట కుట్టు వదలినచో జ్వరము, హెచ్చు నొప్పి, నాడివేగము కనబడును. వెంటనే నర్సునకు చెప్పవలెను. ఏ చిక్కును లేనిచో చాలమంది ఒకటి రెండు వారములలో ఇల్లు చేరుదురు.

ఇంటివద్ద ఆరు వారములు కట్టెలమోపు, ధాన్యపు బస్తా, నీళ్ళబిందె ఎత్తరాదు. చోడిజావ, మెత్తని అన్నము, పప్పు, గ్రుడ్డు కొద్దికొద్దిగ పలుమారులు తినవలెను. వెదురు కొమ్ములు, తేగలు, పనస తొనలు మొదలగు పీచు పదార్థములు వైద్యుడు సరేయనువరకు మానవలెను. జీలుగు కల్లు, సారా ముట్టరాదు.

ప్రేగులో ఎక్కువ భాగము దారి తప్పినచో సారము సరిగ ఇంకదు. చిన్నప్రేగు చివరి భాగము పోయినవారికి విటమిన్ బి12 సూదిమందు జీవితాంతము కావలసి రావచ్చును. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరు లిరువురిని స్ప్రూ అను సంగ్రహణి వ్యాధి బలిగొన్నది. తిన్నది ఒంటబట్టని వ్యాధి యది. అమెరికాలో ఆయన సహచరులతో కూడి 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేయుటకు తోడ్పడిరి. నేడు రక్తహీనతకు మన ఆరోగ్యకేంద్రములలో ఇచ్చు మాత్రలలో ఆ ఆమ్లమే ఉన్నది. కావున శస్త్రచికిత్స తరువాత బరువు తగ్గుచున్నను, నీళ్ళ విరేచనములు ఆగకున్నను, "కత్తి తగిలిన ఒళ్ళు, ఇంతే" అని విడువక వైద్యునకు చూపవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది, 108 వాహనము ఏ ఊరివరకు రాగలదో, అచ్చటివరకు రోగిని డోలీలో మోయుటకు ఎవరెవరు రాగలరో ముందే వ్రాసియుంచుట. రెండవది, రక్తదాతల పేర్లు, గ్రూపులు ఒక పట్టికగ పెట్టుట. మూడవది, ఆధార్, రేషను కార్డులు ప్రతి ఇంట సరిగ నున్నవో చూచుట. 2007లో ఆరోగ్యశ్రీగ ప్రారంభమై 2024లో ఎన్టీఆర్ వైద్య సేవగ పేరు మారిన పథకముక్రింద చికిత్స పొందుటకు ఇవి అక్కరకు వచ్చును. ఖర్చునకు జంకి పశువును అమ్మునంతవరకు ప్రయాణ మాపిన కుటుంబము కాలమును కోల్పోవును.

నాలుగవది, నివారణ. హెర్నియా ఉన్నవారిని అది బిగియకముందే, వ్యవసాయపు పనులు లేని నెలలలో శస్త్రచికిత్సకు పంపవలెను. బడిలోను, అంగన్‌వాడీలోను ఇచ్చు నులిపురుగుల మాత్రను ప్రతి బిడ్డయు మ్రింగునట్లు చూడవలెను. రెండు వారములకు మించి దగ్గు గాని, సన్నని జ్వరముతో బరువు తగ్గుట గాని ఉన్నవారిని క్షయ పరీక్షకు పంపవలెను.

తదుపరి గ్రామసభలో పైన చెప్పిన నాలుగు లక్షణములను తెలుగులోను, కోయభాషలోను చదివి వినిపింపుడు. అవి విన్న యింటిలో ఏ రాత్రియైనను కడుపు పట్టుకొని మెలిపడు మనిషి ఉన్నచో, ఆ యింటివారు తెల్లవారువరకు వేచియుండక మీ తలుపు తట్టుదురు.