వికీపీడియా సెర్చ్ ఏపీఐ: మొదటి పేజీతో పాలమూరు అయిపోదు

పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లన్నీ ఒకే జాబితాలో కావాలనుకోండి. 2016 అక్టోబర్ 11న ఈ రెండూ ముక్కలయ్యాయి. సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అటు, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల ఇటు. 2019లో నారాయణపేట కూడా వేరుపడింది. అయితే తెలుగు వికీపీడియాలో చాలా ఊళ్ల వ్యాసాల్లో పాత జిల్లా పేరు కూడా ఉంటుంది. అందుకే నేను దాని సెర్చ్ ఏపీఐనే వాడతాను. కీ అడగదు, పైసా ఖర్చు లేదు. ల్యాప్‌టాప్ లేకున్నా, ఆండ్రాయిడ్ ఫోన్‌లో టర్మక్స్, అందులో పైథాన్ ఉంటే చాలు.

రిక్వెస్ట్ పంపగానే జేసన్ వస్తుంది. అందులో 'టోటల్‌హిట్స్' దగ్గర పెద్ద అంకె కనిపిస్తుంది కానీ, చేతికొచ్చేవి మాత్రం పదే. డిఫాల్ట్ అంతే మరి. 'ఎస్ఆర్‌లిమిట్' పెంచితే ఒక్కసారికి 500 దాకా తెచ్చుకోవచ్చు.

మిగతావి ఎలా? జవాబులో 'కంటిన్యూ' అని ఒక ముక్క ఉంటుంది. అందులో ఉన్నవన్నీ ఉన్నవున్నట్టు తర్వాతి రిక్వెస్ట్‌కు తగిలించండి. పది, ఇరవై, ముప్పై అని ఆఫ్‌సెట్ మనమే లెక్కకట్టే పని పెట్టుకోవద్దు. 'కంటిన్యూ' రాని రోజు, సారీ, రాని పేజీ దగ్గర లూప్ ఆపేయాలి.

ఇంకో చిక్కుంది. ఫలితాలు మామూలుగా ఔచిత్యం ప్రకారం వస్తాయి. మనం పేజీలు తిప్పుతుండగా ఎవరైనా వ్యాసాలు మారిస్తే వరుస కదలొచ్చు, ఒక ఊరు రెండుసార్లు రావచ్చు, ఇంకోటి అసలే తప్పిపోవచ్చు. 'ఎస్ఆర్‌సార్ట్'లో వ్యాసం పుట్టిన తేదీ క్రమం ఎంచుకుంటే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. ఏం చేసినా 10,000 ఫలితాలు దాటి ముందుకు పోనివ్వదు. అంతకంటే ఎక్కువుంటే వర్గాలవారీగా విడగొట్టి వెతకాల్సిందే.

అసలు తిప్పలు మన స్పెల్లింగుతోనే. నల్గొండ అని ఒకరు, నల్లగొండ అని ఇంకొకరు రాస్తారు. మహబూబ్‌నగర్‌ను కొందరు కలిపి, కొందరు విడదీసి రాస్తారు, కొందరికి అది పాలమూరే. ఒక్కో రూపానికి విడిగా వెతికి, చివరిపేజీ దాకా తిప్పి, 'పేజ్‌ఐడీ' చూసి డూప్లికేట్లు తీసేయండి. రిక్వెస్టులు ఒకదాని తర్వాత ఒకటిగా పంపండి, యూజర్ ఏజెంట్‌లో మీ స్క్రిప్ట్ పేరు, మీ మెయిల్ ఐడీ పెట్టండి. వికీమీడియా అడిగేది ఆ మాత్రమే.