టస్కనీ సీమలో తొమ్మిది రోజులు

మేము ఇద్దరమూ మన సంస్థలోనే పనిచేసి పదవీ విరమణ పొందినవారము. ఒకరు సివిల్ విభాగంలో ఇంజనీరు, మరొకరు టౌన్‌షిప్ పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయిని. సర్వీసులో ఉండగా ఎల్.టి.సి. పుణ్యమా అని కన్యాకుమారి మొదలు కాశ్మీరం వరకు చూశాము. ఎల్.టి.సి. సముద్రం దాటనివ్వదన్న సంగతి సహోద్యోగులకు మేము చెప్పనక్కరలేదు. 2018 సెప్టెంబరు నెలాఖరున, ఉద్యోగరీత్యా మిలాన్‌లో ఉన్న మా అమ్మాయిని చూడబోయినప్పుడు, అక్కడి నుండి సొంత ఖర్చుతో ఇటలీ నడుమనున్న టస్కనీ ప్రాంతానికి వెళ్లి తొమ్మిది రోజులు గడిపాము. చిత్రకళకూ, శిల్పానికీ, ద్రాక్షతోటలకూ పేరుగాంచిన సీమ అది. ఈ వ్యాసంలో 'ఇంజనీరు గారు', 'పంతులమ్మ గారు' అని ప్రస్తావన వచ్చినచోట అది మేమే అని పాఠకులు గ్రహించగలరు.

మా బస ఫ్లారెన్స్ నగరంలో. మొదటి ఉదయమే శాంతా మరియా దెల్ ఫియోరె అనే ప్రధాన దేవాలయం చూడబోయాము. దీని నిర్మాణం 1296లో ఆరంభమైంది. ఆ పని నడిపించడానికి ఫ్లారెన్స్ ప్రభుత్వం ఆనాడే ఒక సంస్థను నెలకొల్పింది. దాని పేరు 'ఒపెరా'. ఒపెరా అనగానే మనకు సంగీత నాటకం స్ఫురిస్తుంది గాని, ఆ మాటకు అసలు అర్థం 'పని'. ఏడు వందల ఏళ్లు గడిచినా ఆ సంస్థ నేటికీ ఆ కట్టడం మరమ్మతులు, సంరక్షణ చూసుకొంటున్నది. ప్రభుత్వ రంగ సంస్థల ఆయుర్దాయం గురించి సందేహించేవారు ఒకసారి ఫ్లారెన్స్ వెళ్లి రావలెనని ఇంజనీరు గారి అభిప్రాయం.

గోడలు లేచాయి గాని, సుమారు నలభై అయిదు మీటర్ల వెడల్పు గల ఆ నడిమి ఖాళీపై గుమ్మటం ఎలా నిలపాలో ఎవరికీ తెలియలేదు. అంత ఎత్తుకు నేల నుండి కొయ్య ఆధారాలు కట్టడం అసాధ్యం. 1418లో పోటీ ప్రకటించారు. బాధ్యత చేతికందినవాడు ఫిలిప్పో బ్రునెల్లెస్కి, వృత్తి నేర్చింది స్వర్ణకారుడుగా. ఒకదానిలో ఒకటిగా రెండు పెంకులు కట్టి, ఇటుకలను చేపముల్లు ఆకారంలో పేర్చి, ప్రతి వరుసా తన బరువును తానే మోసుకొనేలా పైకి తీసుకుపోయాడు. బరువులు ఎత్తడానికి ఎద్దులు తిప్పే యంత్రాన్ని తానే రూపొందించాడు. 1420లో మొదలైన గుమ్మటం 1436లో పూర్తయింది.

పైకి 463 మెట్లు. లిఫ్టు లేదు. పంతులమ్మ గారికి ఎడమ మోకాలు నొప్పి. కిందనే కూర్చోమంటే వినలేదు. ప్రతి ఇరవై మెట్లకు ఆగి, వెనుకవారికి దారి ఇచ్చి, మళ్లీ ఎక్కాము. రెండు పెంకుల నడుమ ఇరుకు దారిలో చేరినప్పుడు, ఆ ఏటవాలు ఇటుకలు చేతికి అందేంత దగ్గరగా కనిపించాయి. ఇంజనీరు గారు వాటిపై అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడిపోయారు. "ఏమండీ, వెనుక జనం ఉన్నారు" అని రెండుసార్లు పిలువవలసి వచ్చింది.

మైకేలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం గురించి అందరికీ తెలిసినదే. ఆ పాలరాతి దిమ్మ మాత్రం అంతకు ముందు ఇద్దరు శిల్పులు మొదలుపెట్టి విడిచిపోయినది. ఈ ఒపెరా వారి ఆవరణలోనే కొన్ని దశాబ్దాలు ఎండకూ వానకూ పడి ఉన్నది. మన స్టోర్సు భాషలో చెప్పాలంటే 'నాన్ మూవింగ్ స్టాకు'. 1501లో దానిని ఇరవై ఆరేళ్ల యువకుడికి అప్పగించగా, 1504 నాటికి అయిదు మీటర్లకు పైబడిన ఆ విగ్రహం సిద్ధమైంది. చూడవలసినది వర్ణించవలసినది కాదు కనుక ముందుకు పోతాము.

ఫ్లారెన్స్‌లో యాత్రికులు అంతగా వెళ్లని చోటు ఒకటి చూశాము. ఆర్నో నది ఒడ్డున కాషినె అనే పెద్ద ఉద్యానవనం ఉన్నది. దాని చివర, ముగ్నోనె అనే చిన్న ఏరు ఆర్నోలో కలిసే చోట, మన దేశపు ఛత్రీ వంటి మండపం కింద తలపాగాతో ఉన్న ఒక యువకుని ప్రతిమ. ఆయన కొల్హాపూర్ మహారాజు రెండవ రాజారామ్. ఇంగ్లండు పర్యటన ముగించుకొని తిరుగుప్రయాణంలో ఉండగా, 1870 నవంబరు 30న ఈ ఊరిలో కన్నుమూశాడు. వయస్సు ఇరవై. శవదహనం ఆ నగరానికి కొత్త. ప్రత్యేకంగా అనుమతి పొంది, రెండు నీళ్లు కలిసే తావు వెదికి, ఆ ఒడ్డునే చితి పేర్చారు. స్మారకం 1874లో వెలసింది. పక్కనే 1978లో పూర్తయిన ఉక్కు తీగల వంతెనను ఆ ఊరివారు 'భారతీయుని వంతెన' అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. మేము వెళ్లిన సాయంత్రం అక్కడ కుక్కలను తిప్పుతున్న ఇద్దరు ముగ్గురు తప్ప ఎవరూ లేరు. పంతులమ్మ గారు దారిలో రాలిన పూలు నాలుగు ఏరి అక్కడ ఉంచారు.

ఫ్లారెన్స్‌కు దక్షిణంగా, సియెనా వరకు వ్యాపించిన కొండల సీమ కియాంతి. బస్సులో వెళ్లాము. దారి పొడవునా తోటలు కొండవాలును దువ్వెనతో దువ్వినట్లుంటాయి. నడుమ ఆలివ్ చెట్లు, గట్ల మీద నిటారుగా సైప్రస్ వృక్షాలు. ద్రాక్ష కోతలు సాగుతున్నాయి. ఏ ఊళ్ల ద్రాక్షసారాయిని కియాంతి అనవచ్చునో హద్దులు నిర్ణయిస్తూ ఇక్కడి పాలకుడు మూడవ కోసిమో 1716లోనే ఆజ్ఞ జారీ చేశాడట. నేటికీ కియాంతి క్లాసికో సీసా మెడ మీద నల్లకోడిపుంజు ముద్ర చూసి అసలు సరుకు గుర్తిస్తారు. మా ఇంట అది ముట్టే అలవాటు లేదు. తోట యజమానురాలు మూడు గ్లాసులు వరుసగా పెట్టి, మేము చేతులు జోడించగా ముందు నొచ్చుకొని, తరువాత నవ్వి, అప్పుడే తీసిన ద్రాక్షరసం ఇచ్చింది. చెరకురసం కంటే చిక్కన, మరింత తీపి.

భోజనం సంగతి ఒక మాట. టస్కనీ రొట్టెలో ఉప్పు వెయ్యరు. మొదటి పూట వంటవాడు మరచిపోయాడనుకొన్నాము. మూడవ పూటకు గాని అది ఆనవాయితీ అని తెలియలేదు. చిక్కుడుగింజలు, ఆకుకూర, పాత రొట్టె కలిపి ఉడికించే 'రిబొల్లిత' శాకాహారులకు మంచి ఆధారం. మాంసపు రసం వేశారేమో అడిగి తినాలి. ఉప్పులేని ఆ రొట్టెకు మేము తీసుకుపోయిన ఆవకాయ ఎంత చక్కగా అమరిందో చెబితే ఇటలీవారు ఒప్పుకోరు.

ఎనిమిదవ రోజున సియెనా. గవ్వ ఆకారపు విశాలమైన కూడలి, దాని వాలు చివర పురపాలక భవనం. పూర్వం ఆ నగరాన్ని 'తొమ్మండుగురు' అనే సభ పాలించేది. వారు కూర్చునే గదిలోనే 1338, 1339 సంవత్సరాలలో అంబ్రోజో లోరెంజెత్తి అనే చిత్రకారుడు గోడల నిండా సుపరిపాలన, దుష్పరిపాలన చిత్రించాడు. నిర్ణయాలు తీసుకొనేవారు తలెత్తితే తమ నిర్ణయాల ఫలం కనబడాలన్న మాట. చెడు వైపు కాలిన పొలాలు, కొమ్ములున్న నిరంకుశుడు. మంచి వైపు ధాన్యం మోసుకొచ్చే గాడిదలు, దున్నే రైతులు. ఒక కొట్టులో ఉపాధ్యాయుడు పాఠం చెబుతున్నాడు. పంతులమ్మ గారు మురిసిపోయారు. ఆ పైన, ఒక భవనం కప్పు మీద సారువ కట్టుకొని తాపీ పనివారు గోడ కడుతున్నారు. ఇంజనీరు గారు వారిని చూపించారు గాని ఏమీ అనలేదు.

అక్కడి నుండి దేవాలయానికి నడిచాము. ఉన్న గుడి చాలదని, దానినే అడ్డభాగంగా చేసుకొని మహాదేవాలయం కట్టాలని సియెనావారు 1339లో పూనుకొన్నారు. 1348లో ప్లేగు వచ్చి వేలాది మందిని తుడిచిపెట్టింది. లోరెంజెత్తి కూడా దానికే బలైనట్లు చెబుతారు. మిగిలినవారు పని సాగించబోగా స్తంభాలలో నిర్మాణ లోపాలు బయటపడ్డాయి. 1357లో పని విరమించారు. కొత్త గుడికి ముఖభాగం కావలసిన బ్రహ్మాండమైన గోడ మాత్రం నిలిచి ఉన్నది. కిటికీ కోసం వదలిన ఖాళీలో ఆకాశం కనబడుతుంది. పైకప్పు లేవవలసిన చోట ఇప్పుడు వాహనాలు నిలుపుతున్నారు. లోపలి ఇరుకు మెట్ల మీదుగా ఆ గోడ పైకి ఎక్కవచ్చును. ఎక్కాము. ఊరి ఎర్ర కప్పులు, వాటి ఆవల లోరెంజెత్తి గీసిన పొలాలే, అదే మట్టిరంగులో.

"దీన్ని కూల్చలేదేమండీ?" అన్నారు పంతులమ్మ గారు.

"కూల్చడానికీ డబ్బు కావాలి గదా" అన్నారు ఇంజనీరు గారు. కాసేపటికి, "అక్కడ కూడా కూల్చలేదు" అన్నారు.

అక్కడ అంటే ఎక్కడో మాకిద్దరికీ తెలుసు. చాలా ఏళ్ల కిందట ఆయన డెప్యుటేషన్ మీద వేరే చోటికి వెళ్లారు. అక్కడొక విస్తరణ పథకం పునాదులు పడి, స్తంభాలు లేచిన తరువాత నిధులు లేక ఆగిపోయింది. తుప్పు పట్టిన కడ్డీలు స్తంభాల తలల మీద ఇంకా అలాగే ఉన్నాయట. ఆ స్తంభాలు పోసే రోజులలోనే ఒక మేస్త్రీ సారువ మీద నుండి పడి మరణించాడు. ఇంట్లో ఆ ప్రస్తావన వస్తే ఆయన లేచి వెళ్లిపోయేవారు. పని పూర్తయి ఉంటే ఏదో ఒకటి చెప్పుకొనే వీలుండేది.

గోడ పైన గాలి చల్లగా వీస్తున్నది. కాపలాదారు వేళయిందని గంట మోగించే వరకు అక్కడే నిలబడ్డాము. ఫ్లారెన్స్‌కు తిరుగు బస్సు ఎక్కిన తరువాత ఆయన ఆ మేస్త్రీ గురించి చెప్పనారంభించారు. అతని ఊరు, అతని తాపీ పట్టు, మధ్యాహ్నం తన క్యారియర్‌లోని గోంగూర పచ్చడి అందరికీ పంచే అలవాటు, చిన్న కూతురి పెళ్లికి చేసిన చీటీ. బస్సు ఫ్లారెన్స్ చేరేసరికి చీకటి పడింది. ఇన్నేళ్లలో అతని పేరు మా ఇద్దరి మధ్య వినబడటం అదే మొదటిసారి.