మీకు తెలుసా? తలలు లేని నర్తకీమణులు

పారిస్ ఒపేరా ప్రదర్శనను చిత్రించిన ఎడ్గార్ దెగా, వేదికపై ఆడుతున్న నర్తకీమణుల తలలను చట్రం అంచు దగ్గరే కత్తిరించేశాడు!

1870 ప్రాంతంలో వేసిన ‘ఒపేరా వాద్యబృందం’ అనే ఆ బొమ్మలో పైన కనిపించేవి గులాబీ, నీలి రంగుల గౌన్లు, కాళ్లు, చేతులు మాత్రమే. ముఖాలు దాదాపు అన్నీ కింద కూర్చున్న వాద్యకారులవే. నట్టనడుమ బాసూన్ ఊదుతున్నది దెగా స్నేహితుడు దెజిరే దియో. నిజానికి బాసూన్ వాయించేవాళ్ల చోటు వెనక వరసల్లో. స్నేహితుడి కోసం దెగా బృందం కూర్చునే క్రమాన్నే మార్చేశాడు.

ఎడమవైపు ప్రేక్షకుల బాక్సులోంచి తొంగిచూస్తున్న తల స్వరకర్త ఎమ్మాన్యుయేల్ షాబ్రియేది. అప్పటికి ఆయన ప్రభుత్వోద్యోగి. ఎడ్వార్ మానే 1882లో గీసిన ‘ఫోలీ బెర్జేర్‌లో బార్’ను తర్వాత కొనుక్కుని, తన పియానో పైన గోడకు తగిలించుకున్నది కూడా ఈయనే.

దెగా చిత్రం పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో, మానేది లండన్‌లోని కోర్టాల్డ్ గ్యాలరీలో ఉన్నాయి. మానే బొమ్మ చూస్తే ఎడమవైపు పైమూలను వదలకండి: ట్రపీజు కళాకారిణి పాదాలు, ఆకుపచ్చ బూట్లు మాత్రమే కనిపిస్తాయి.