రాత్రిపూట రక్తపు చుక్క - ఆరోగ్య విద్యకు కాలేజీని ఎంచుకోవడం ఎలా?

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. జ్వరం వస్తే రక్తపరీక్షకు మనం పగలే వెళతాం. కాని గోదావరి డెల్టా గ్రామాల్లో ఆరోగ్య సిబ్బంది కొన్ని సర్వేలకు రాత్రి భోజనాలయ్యాక బయలుదేరతారు. ఇంటింటికీ తిరిగి, నిద్రపోతున్నవాళ్ళను లేపి మరీ, వేలికొసన ఒక చుక్క రక్తం తీస్తారు. ఆ పని పగలే చేయవచ్చు గదా? నిద్ర చెడగొట్టడం దేనికి?

జవాబు బోదకాలు వ్యాధిలో ఉంది. ఈ వ్యాధికి కారణం ఉకరేరియా బాంక్రాఫ్టి అనే దారంలాంటి పురుగు. పెద్ద పురుగులు మన శరీరంలోని శోషరస నాళాల్లో, అంటే లింఫు నాళాల్లో, ఏళ్ళ తరబడి కాపురం చేస్తాయి. వాటి పిల్లలే మైక్రోఫైలేరియాలు. ఒక్కొక్కటి మిల్లీమీటరులో నాలుగోవంతు పొడవుంటుంది. పగలు ఇవి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాగి, రాత్రి పదింటి నుంచి రెండింటి మధ్య చర్మం దగ్గరి రక్తనాళాల్లోకి ఎక్కువగా వస్తాయి. సరిగ్గా ఆ వేళకే మురుగునీటిలో పుట్టిన క్యూలెక్స్ దోమ మనల్ని కుట్టడానికి వస్తుంది. పురుగు వేళా, దోమ వేళా ఎలా కలిశాయో చూశారా! అందుకే రక్తం తీసేవాళ్ళు కూడా ఆ వేళనే పాటించాలి. పగలైనా చేయదగిన పట్టీ పరీక్షలు ఈనాడు వచ్చాయి. అయినా రక్తంలో పురుగుపిల్లను కంటితో చూడాలంటే రాత్రి చుక్కే కావాలి.

ఒక జబ్బు - ఎన్ని చేతులు?

ఇప్పుడు ఆ చుక్క వెంట నడుద్దాం. ల్యాబ్ టెక్నీషియన్ దాన్ని గాజు పలకమీద పరచి, ఆరబెట్టి, రంగువేసి, సూక్ష్మదర్శిని కింద పెడతాడు. రంగు సరిగా పట్టకపోయినా, ఓపిక లేక పలకను సగమే చూసినా, ఉన్న పురుగు లేనట్టే అవుతుంది. పురుగు కనిపిస్తే డాక్టరు మందు రాస్తాడు. వయసునుబట్టి ఎన్ని మాత్రలివ్వాలో, గర్భిణులకూ రెండేళ్ళలోపు పిల్లలకూ ఎందుకివ్వరాదో ఫార్మసిస్టుకు తెలిసి ఉండాలి. దోమ ఏ కాలువలో గుడ్లు పెడుతున్నదో వెతికేవాడు కీటకశాస్త్రం చదివినవాడు.

కాలు బాగా వాచిపోయిన తరువాత మాత్రలతో ఆ వాపు తీయడం కష్టం. అప్పుడు కాలును రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడిచి, పుండు పడకుండా కాపాడుకోవాలి. ఇది చేసి చూపించి నేర్పేది నర్సు. కాలు ఎత్తి పెట్టుకోవడం, కదిలించే వ్యాయామాలు నేర్పేది ఫిజియోథెరపిస్టు.

లెక్కపెట్టండి. ఒక జబ్బు వెనుక ఆరు వృత్తులు! వాటిలో డాక్టరు ఒకడు. “బై.పి.సి. తీసుకుంటే డాక్టరు కావాలి, కాకపోతే ఆ చదువు దండగ” అని మన ఇళ్ళలో అనుకోవడం ఎంత పొరపాటో ఈ ఒక్క జబ్బే చెబుతుంది.

భీమవరం కుర్రవాడు

ఈ జబ్బుకు ఇచ్చే మందు పేరు డైఇథైల్ కార్బమజీన్. దీన్ని వెలికితీసిన పరిశోధక బృందానికి నాయకుడు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. రాజమండ్రిలో చదివాడు. మెట్రిక్యులేషన్ మూడోసారికిగాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డాడు.

ఆ తరువాత ఆయన ఎక్కడికి వెళ్ళాడు? మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించాడు. 1920ల తొలినాళ్ళలో అమెరికా చేరి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధులను మాత్రమే బోధించే విద్యాలయంలో చేరాడు. ఖర్చులకోసం ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని చేశాడు. అక్కడినుంచి జీవరసాయన శాస్త్ర ప్రయోగశాలకు మారి, రక్తంలో ఫాస్పరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ప్రచురించాడు. మీ పాఠ్యపుస్తకంలో జీవకణానికి శక్తినిచ్చే ఏ.టి.పి. అని చదువుతారే, దాన్ని కనుగొన్నవారిలోనూ ఈయన ఉన్నాడు. 1940లో లెడర్లీ పరిశోధనశాలకు వెళ్ళిన తరువాత అక్కడి బృందాల కృషితోనే ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలు మందు వెలువడ్డాయి. 1948లో కన్నుమూశాడు.

పెద్ద పట్టా దక్కని మనిషిని పైకి తెచ్చినది ఏమిటి? తాను పట్టుకున్న ఒక్క విషయాన్ని చేతులతో చేసి నేర్చుకోగల చోటును వెతుక్కోవడం. కాలేజీ ఎంచుకునేటప్పుడు మీరు గుర్తుంచుకోవలసింది ఇదే.

చిన్నదైతే మంచిదేనా?

అలాంటి చోటు మన రాజమండ్రిలోనూ ఏర్పడింది. బోదకాలును అదుపుచేయడానికి 1955లో జాతీయ కార్యక్రమం మొదలైంది. దానికి కావలసిన మనుషులను తయారుచేయడానికి కాలికట్, వారణాసి, రాజమండ్రిలలో ఫైలేరియా శిక్షణ, పరిశోధన కేంద్రాలు నెలకొన్నాయి. ఇవి మీరు ఇంటర్ తరువాత చేరే కాలేజీలు కావు. ఉద్యోగంలో ఉన్న వైద్యులకూ, టెక్నీషియన్లకూ శిక్షణ ఇవ్వడానికి పెట్టినవి. ఒకే జబ్బు, ఒకే పురుగు, ఒకే దోమ. చుట్టూ ఆ జబ్బున్న పల్లెలు. బోదకాలును నేర్వడానికి ఇంతకన్నా అనువైన ఊరేది?

చిన్న ప్రత్యేక విద్యాలయం బలం అక్కడ ఉంది: నేర్పే విషయం పక్కనే ఉండడం. వెల్లూరు కథ చూడండి. ఐడా స్కడర్ 1900లో అక్కడ ఒకే మంచంతో వైద్యశాల పెట్టింది. 1909లో నర్సుల పాఠశాల, 1918లో స్త్రీలకోసం వైద్య పాఠశాల వచ్చాయి. ముందు రోగి, తరువాత పాఠశాల! హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ కూడా అలాంటిదే. ఏలూరు దగ్గర పుట్టిన సినీ ప్రముఖుడి పేరు పెట్టుకున్న ఆ సంస్థలో కంటి ఆసుపత్రిని ఆనుకునే దృష్టి పరీక్షలు నేర్పే ఆప్టోమెట్రీ విద్య నడుస్తున్నది.

కాని రోగి లేని చిన్న కాలేజీ సంగతి వేరు. ఒక లెక్క చేద్దాం. ఒక నర్సింగ్ కాలేజీలో ఏటా 60 మంది చొప్పున నాలుగేళ్ళకు 240 మంది ఉన్నారనుకోండి. దాని ఆసుపత్రి వార్డుల్లో రోజూ 40 మంది రోగులే ఉన్నారు. అందరూ ఒక్కసారి వార్డుకు వెళితే ఒక్కొక్క మంచం చుట్టూ ఆరుగురు! వంతులవారీగా వెళ్ళినా, సూది వేయడం నేర్చేదెందరు, తొంగిచూసి వచ్చేదెందరు? భారత నర్సింగ్ మండలి ఒక విద్యార్థికి ముగ్గురు రోగులుండాలని ప్రమాణం పెట్టింది ఇందుకే.

నా పొరపాటు

కొన్నేళ్ళ క్రితం నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఇంటర్ తరువాత ఒక కరపత్రం తెచ్చి చూపింది. ఒక పట్టణంలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు. “చేరమంటారా మాస్టారూ?” అని అడిగింది. “మంచి వృత్తేనమ్మా, చేరు” అన్నాను. అది మంచి వృత్తే. ఆ కాలేజీకి గుర్తింపు ఉన్నదా అని మాత్రం నేను అడగలేదు.

రెండేళ్ళు చదివి, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేసరికి ఆ సర్టిఫికెట్ చెల్లదన్నారు. తండ్రి కౌలు రైతు. రెండేళ్ళ పంట డబ్బు పోయింది. ఆ రోజు ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ అమ్మాయి పట్టుదల గలది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టి, ఈసారి గుర్తింపు పత్రం తానే చదివి, నర్సింగ్‌లో చేరింది. ఈనాడు ఆసుపత్రిలో పనిచేస్తున్నది. కాని పోయిన రెండేళ్ళు ఎవరిస్తారు?

అందుకే ఈ ప్రశ్నలు మీ నోటుపుస్తకంలో రాసుకోండి.

1. గుర్తింపు ఎవరిది? నర్సింగ్‌కు భారత నర్సింగ్ మండలీ, రాష్ట్ర మండలీ. ఫార్మసీకి భారత ఫార్మసీ మండలి. ల్యాబ్, ఫిజియోథెరపీ, ఆప్టోమెట్రీ వంటి వృత్తులకు 2021లో వచ్చిన చట్టం కింద జాతీయ కమిషన్ ఏర్పడింది. “గుర్తింపు ఉంది” అన్న మాట చాలదు. ఏ కోర్సుకు, ఏ సంవత్సరానికి, ఎన్ని సీట్లకు అన్నది కాగితంమీద చూడాలి. ఆ పేరు మండలి జాబితాలో ఉందో లేదో కూడా సరిచూడాలి.

2. పరీక్ష పెట్టేదెవరు? పట్టా ఇచ్చేదెవరు? మన రాష్ట్రంలో నర్సింగ్ డిగ్రీలకు 1986లో విజయవాడలో ఏర్పడిన ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఉంది. మీ కాలేజీ ఏ విశ్వవిద్యాలయానికి లేదా ఏ బోర్డుకు చెందినదో తెలుసుకోండి. ప్రవేశ నిబంధనలు మారుతుంటాయి. కాబట్టి పోయినేడు అన్నయ్య చెప్పినది కాకుండా, ఈ ఏటి ప్రకటన చదవండి.

3. ఆసుపత్రి ఏది? ముందుగా చెప్పకుండా ఒక ఉదయం నాన్నగారితో వెళ్ళి చూడండి. ఓ.పి. దగ్గర జనం ఉన్నారా? వార్డుల్లో మంచాలు నిండి ఉన్నాయా?

4. ప్రయోగశాలలో సూక్ష్మదర్శినులు ఎన్ని? బీరువాలో ఎన్ని, బల్లమీద ఎన్ని? ఈ సంగతి చివరి సంవత్సరం విద్యార్థిని అడగండి. “నీ చేత్తో ఎన్ని పలకలకు రంగు వేశావు?” అంటే అతడు చెప్పే జవాబే అసలైన కరపత్రం.

5. మొత్తం ఖర్చెంత? మొదటి ఏటి ఫీజు ఒక్కటే కాదు. హాస్టలు, పరీక్షలు, దుస్తులు, ఆసుపత్రికి రానుపోను అన్నీ కలిపి చివరి సంవత్సరం దాకా లెక్కవేయండి. కట్టిన ప్రతి రూపాయికీ, ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్‌కూ రసీదు తీసుకోండి.

6. కిందటి ఏడు చదువు ముగించినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు?

కాలం లెక్క కూడా తెలిసి ఉండాలి. ఫార్మసీ డిప్లొమా రెండేళ్ళు, దానిపైన 500 గంటల శిక్షణ. జి.ఎన్.ఎం. నర్సింగ్ మూడేళ్ళు. బి.ఎస్‌సి. నర్సింగ్, బి.ఫార్మసీ నాలుగేళ్ళు. ఇంట్లో ఎన్నేళ్ళు చదివించగలరో అడిగి తెలుసుకోవడం సిగ్గుపడవలసిన విషయం కాదు.

మీరు చేయవలసిన పని

వచ్చే సెలవురోజుల్లో మీ ఊరికి దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. అక్కడివారి అనుమతి తీసుకుని, ఎవరెవరు పనిచేస్తున్నారో, ఏమి చదివారో, ఎక్కడ చదివారో ఒక పట్టిక వేయండి. “మళ్ళీ విద్యార్థి అయితే అదే కాలేజీలో చేరతారా?” అని ఒక్కొక్కరినీ అడగండి. వీలైతే ల్యాబ్‌లో ఒక్కసారి సూక్ష్మదర్శినిలోకి చూడనివ్వమని కోరండి.

ఆ గాజు పలకమీద గులాబీరంగులోనో నీలిరంగులోనో కనిపించే కణాలను చూసి ఇంకాసేపు చూడాలనిపిస్తే, మీకు తగిన చదువు దొరికినట్టే. ఇక చేయవలసింది దానికి తగిన చోటు వెతుక్కోవడం. అది పెద్ద భవనం కానక్కరలేదు. మీ చేతికి పని, మీ కంటికి రోగి, మీ పట్టాకు గుర్తింపు - ఈ మూడూ ఉంటే చాలు.