పాత పందెపు మోటారు సైకిలును పరీక్షించుట



ఎద్దును పరీక్షించి కొనుట నేను మీకు నేర్పనక్కరలేదు. పండ్లు చూచి వయస్సు గ్రహింతురు; నాలుగడుగులు నడిపించి కుంటు కనిపెట్టుదురు; అమ్మువాని మాట కడపట విందురు. అట్టి మనమే, మనుమడు పాత పందెపు మోటారు సైకిలు కావలెనని పట్టుపట్టినప్పుడు రంగు చూచి సొమ్ము లెక్కపెట్టుచున్నాము. వ్యాకరణము చెప్పుకొని బ్రతికిన వానికి ఇంజనుతో నేమి పని యందురేమో. పింఛనులో కూడబెట్టిన 45,000 రూపాయలును, దానిపై నెక్కబోవు పిల్లవాని ప్రాణమును నావే గనుక నేర్చుకొంటిని.

ఈ జాతి బండ్లలో మన పల్లెలకు పరిచితములైనవి రెండు. 2003లో వచ్చిన హీరో హోండా కరిజ్మా 223 సి.సి. ఇంజను గలది, గాలిచే చల్లబడునది. 2008లో వచ్చిన యమహా ఆర్15 యొక్క ఇంజను 149 సి.సి. మాత్రమే, కాని నీటిచే చల్లబడును. తొలిసారి నడుపు కుఱ్ఱవానికి చిన్నదియే మేలని నా యభిప్రాయము. 1996లో తయారీ నిలిచిన ఆర్.ఎక్స్.100పై కొందఱికి గల మోజునకు వెల కట్టుట నా తరము గాదు. ఏ బండియైనను, దాని విడిభాగములు దగ్గఱి పట్టణమున దొరకునో లేదో ముందుగా విచారింపుడు.

పోయిన వెంటనే ఇంజనుపై చేయి పెట్టి చూడుడు. వెచ్చగా నున్నచో, మనము రాకమునుపే దానిని నడిపించి యుంచినారన్నమాట. చల్లని యింజనే నిజము చెప్పును. సైలెన్సరునుండి నీలిపొగ వచ్చినచో లోపల ఇంజను ఆయిలు కాలుచున్నది, అట్టిదానిని విడిచిపెట్టుడు.

పందెపు బండికి ప్లాస్టిక్కు తొడుగు ఉండును. పడిన గాయములను దాచునది అదియే. కావున తొడుగును గాక, హాండిలు కొనలను, బ్రేకు పిడుల చివరలను, కాలు పెట్టు కడ్డీలను చూడవలెను. హాండిలును ఇరువైపులకు పూర్తిగా త్రిప్పినప్పుడు క్రింద ఆపు ఇనుప మొటిమలు రెండుండును. అందొకటి నలిగినచో గట్టిదెబ్బ తగిలినదని అనుమానింపవలెను. ముందు చక్రము నెత్తి హాండిలును మెల్లగా త్రిప్పగా నడుమ పట్టినట్లున్నచో బేరింగులు అరిగినవి.

మేము మొదట చూచినది ఎఱ్ఱని బండి, అద్దమువలె మెఱయుచుండెను. మీటరు 14,000 కిలోమీటర్లు చూపుచుండెను. నా వెంట వచ్చిన మెకానిక్కు ఒకప్పటి నా శిష్యుడు. మాటాడక బ్రేకు పళ్లెముపై గోరు గీచెను. అంచు మెట్టువలె లేచియుండెను. కడ్డీల రబ్బరు నున్నబడియుండెను. పదునాలుగు వేలకు అంత యరుగుట యెట్లు? పిదప ఆ ఇనుప మొటిమ చూపెను, చదునుగా నలిగియున్నది. “వద్దు మాస్టారూ” అనెను. మనుమనికి కన్నీరు వచ్చెను. ఆ రాత్రి వాడు నాతో పలుకలేదు.

మూడు వారములకు 2012లో నమోదయిన ఆర్15 ఒకటి చూచితిమి. రంగు వెలిసినది, కాని మరమ్మతు రసీదులన్నియు ఉన్నవి. వెనుక పండ్ల చక్రముపై చైనును లాగిచూడగా పైకి లేవలేదు. ముందు ఫోర్కులపై ఆయిలు చెమ్మ లేదు. టైర్లు మాత్రము పాతవి. టైరు ప్రక్కన నాలుగంకెలుండును. 2315 అనగా 2015వ సంవత్సరపు 23వ వారమున చేసినది. మందము మిగిలియున్నను ముదిరిన రబ్బరు తడిరోడ్డున జారును. బండిని 35,000లకు కొని, తక్కిన పదివేలు టైర్లకు, బ్రేకు ద్రవమునకు, మంచి హెల్మెట్టునకు వినియోగించితిమి. ఉన్నదంతయు బండికే పోయువారు ఈ ఖర్చును మఱతురు.

ఇక కాగితములు. ఇంజను, ఛాసిస్ అంకెలను ఆర్.సి.తో మీరే సరిపోల్చుడు. నమోదు 15 ఏండ్లకు చెల్లును. మా బండికి 2027 వరకు. ఆపై అయిదేసి యేండ్లకు పొడిగించుకొనవలెను. అప్పు తీరినదో లేదో అడుగుడు. ఒకే రాష్ట్రమున అమ్మినవాడు 14 దినములలో, కొన్నవాడు 30 దినములలో రవాణా కార్యాలయమునకు తెలుపవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము. అమ్మువారికిని ఇది ముఖ్యము: పుస్తకములో పేరున్నవాడే ప్రమాదమునకు బాధ్యుడని సర్వోన్నత న్యాయస్థానము 2018లో తీర్పు చెప్పినది. మాకు విక్రయించిన పెద్దమనిషి సొమ్ము లెక్కపెట్టుకొనకమునుపే ఫారముల మీద సంతకములు చేసి, మమ్ము వెంటబెట్టుకొని కార్యాలయమునకు నడచెను.